కొలతలిచ్చి చేయించిన అమ్మోనియా కాయిల్స్, కండెన్సర్: మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఏడు సీజన్లు వాడాక

గుంటూరులో మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ అండి, నాలుగు ఛాంబర్లు, లక్ష టిక్కీలు (ఎండుమిర్చి బస్తాలు) పడతాయి. 2018లో రెండు ఛాంబర్లకి ఎయిర్ కూలింగ్ కాయిల్స్ (లోపల అమ్మోనియా పారుతూ గది గాలిని చల్లబరిచే పైపులు), బయట ఒక ఎవాపరేటివ్ కండెన్సర్ (వేడెక్కిన అమ్మోనియా గ్యాసుని నీళ్ళు, గాలితో చల్లార్చి ద్రవం చేసేది), రెడీమేడ్‌వి తీసుకోకుండా మా సరుకు లెక్కకి డిజైన్ చేయించి పెట్టించాం. ఏడు సీజన్లు నడిచాయి. మనం కూడా చేయించుకుందామా అని అడిగేవాళ్ళకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు పాత కాయిల్స్ సంగతి చెప్పాలి. వాటి తయారీలో తప్పేం లేదు, కాకపోతే అవి ఆలుగడ్డల లెక్కకి చేసినవి. ఆలుగడ్డకి 2 నుంచి 4 డిగ్రీలు, గాల్లో తేమ 90 శాతం పైన ఉండాలి, లేకపోతే ముడతలు పడుతుంది. మన మిర్చికాయకి దీనికి పూర్తిగా రివర్సు, 6 డిగ్రీల దగ్గర పెట్టి తేమ 60–65 దాటకుండా చూడాలి, దాటిందంటే తొడిమ దగ్గర బూజు మొదలవుతుంది, పైకి ఎర్రగానే ఉంటుంది, కాయ విరిచి చూస్తే గానీ తెలీదు. గదికీ లోపల అమ్మోనియాకీ 4–5 డిగ్రీల తేడా మాత్రమే ఉండే పెద్ద కాయిల్ పెడితే చల్లదనం వస్తుంది, తేమ మాత్రం లాగదు. ఇది తెలీక మీటర్లో 6 చూపిస్తుంటే కాయ ఎందుకు మెత్తబడుతోందని మేం ఏళ్ళ తరబడి తల పట్టుకున్నాం.

కొత్తవి డిజైన్ చేసిన ఇంజనీరు వచ్చీ రాగానే ఎన్ని టన్నుల మెషీన్ అని అడగలేదు, "రోజుకి ఎన్ని టిక్కీలు లోపలికి వెళ్తాయండీ, యార్డు నుంచి ఏ టైంకి వస్తాయి" అని అడిగారు. ఏప్రిల్లో మధ్యాహ్నం లారీ దిగిన టిక్కీలో థర్మామీటర్ గుచ్చితే 41 చూపించింది. రోజుకి 4000 టిక్కీలు, ఒక్కోటి 45 కేజీలు, అంటే 180 టన్నుల సరుకు, దాన్ని ఒక రోజులో 6కి దించాలంటే ఆ వేడికే 35 టీఆర్ (మెషీన్ చల్లబరిచే శక్తిని కొలిచే టన్నులు, సరుకు బరువు కాదు) పైన పోతుంది, ఫ్యాన్లు, గోడలు, తలుపు తీసినప్పుడల్లా దూరే గాలి మళ్ళీ వేరే. ఇదంతా మా ఆఫీసు బల్ల మీదే కాగితం మీద వేసి చూపించారు. గది 6, అమ్మోనియా మైనస్ 3, తేడా 9 డిగ్రీలు, ఈ ఒక్క మార్పుతోనే తేమ మా చేతికొచ్చింది. ఆ ఏడాది నుంచి మెత్తబడిందన్న కంప్లైంటు ఒక్క రైతు దగ్గర నుంచి కూడా రాలేదు.

ఇంకోటి ఫిన్నుల (పైపులకి వరసగా తొడిగిన పల్చటి రేకులు) సందు. కారం దుమ్ము గురించి కేటలాగుల్లో ఎవరూ రాయరు. పాత కాయిల్లో ఫిన్నుకీ ఫిన్నుకీ 4 ఎంఎం సందు, దుమ్ము వెళ్ళి తడి ఫిన్నుకి అంటుకుని, గోరింటాకు ముద్దలా ఎర్రగా గట్టిపడేది, కుర్రాళ్ళు ముక్కుకి తుండు కట్టుకుని పుల్లలతో గీకుతుంటే కళ్ళల్లోంచి ధారలు కారేవి. కొత్తదాంట్లో గాలి తగిలే ముందు వరసలకి 10 ఎంఎం, వెనక వాటికి 6 ఎంఎం పెట్టారు. ఇప్పుడు సీజన్ అయ్యాక పైపుతో నీళ్ళు కొడితే అరగంటలో ఎర్రనీళ్ళు పోయి పైపులు కనపడతాయి. కాకపోతే కింద ట్రేకి వాలు సరిపోలేదు, నీళ్ళు ఓ మూల నిలిచేవి, మేమే తర్వాత సరిచేయించుకున్నాం.

కండెన్సర్ విషయంలో మాత్రం తప్పు మాదీ ఉంది. పాత అట్మాస్ఫెరిక్ కండెన్సర్ (ఆరుబయట పైపుల మీద నీళ్ళు పారించే రకం) మీద బోరు నీళ్ళకి సున్నం వేలు మందాన పేరుకునేది, రోహిణి కార్తెలో హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాసు ఒత్తిడి) 235 పీఎస్ఐకి వెళ్ళి కంప్రెసర్ రొప్పేది. కొత్తదానికి పైపుల మధ్య బ్రష్ పట్టే సందు ఇచ్చారు, నీళ్ళల్లో సున్నం తీసే సాఫ్ట్‌నర్ లేకపోతే గ్యారంటీ ఇచ్చేది లేదన్నారు, మంచి మాటే. కానీ మేం స్థలం లేదని గోడకి రెండడుగుల్లో పెట్టమన్నాం, వాళ్ళు సరే అన్నారు, ఫ్యాన్ వదిలిన వేడి తడిగాలి గోడకి కొట్టుకుని మళ్ళీ కిందనుంచి లోపలికే వచ్చేది. మొదటి మే నెలలో హెడ్ ప్రెషర్ 215. నాలుగడుగుల స్టాండు మీదికి ఎత్తించి, పైన గాలిగొట్టం పొడిగిస్తే 195కి దిగింది. స్థలం చూసినవాళ్ళు ఆ రోజే వద్దని గట్టిగా చెప్పి ఉండాల్సింది, ఆ ఖర్చు మా మీద పడింది. పైగా ఈ కాయిల్స్, కండెన్సర్ ఆరు వారాలు లేటుగా వచ్చాయి, ఫిబ్రవరిలో గేటు బయట లారీలు నిలబడి ఉంటే ఆ టెన్షన్ అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

మూడో ఏడు రెండో ఛాంబర్లో అమ్మోనియా ఘాటు వచ్చింది. గంధకం వత్తి వెలిగించి ఒక్కో బెండు (పైపు వంపు) దగ్గర తిప్పుకుంటూ వెళ్తే మూడో వరసలో ఓ బెండు దగ్గర తెల్లటి పొగ లేచింది, సూదిమొనంత రంధ్రం. అదృష్టం, సరుకుకి వాసన పట్టకముందే దొరికింది. ఆ కాయిల్లో గ్యాసంతా లాగేసి, పైపు మీద జింకు పూత గీకేసి, వెల్డింగ్ చేయించాం. తర్వాత తెలిసిందేంటంటే ప్రెషర్ టెస్టు గాల్వనైజింగ్ (కాయిల్‌ని కరిగిన జింకులో ముంచి పూత వేయడం) అయ్యాకే చేశారట. జింకులో ముంచినప్పుడు చిన్న చిన్న రంధ్రాలు పూడిపోతాయి, టెస్టు పాస్ అయిపోతుంది, రెండు మూడేళ్ళకి ఆ పూత పోయి అసలు రంగు బయటపడుతుంది. కాయిల్ చేయించుకునేవాళ్ళు ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకండి, ముంచకముందు ఒకసారి, ముంచాక ఒకసారి టెస్టు అడగండి.

మిగతా రెండు ఛాంబర్లకి మొన్న ఆర్డర్ ఇచ్చాం, అదే ఇంజనీరుకి. ట్రే వాలు ఎంతో డ్రాయింగ్‌లో అంకె వేయించాకే సంతకం పెట్టా. జింకులో ముంచే ముందు టెస్టు రోజు షాపుకి నేనే వెళ్తా, సబ్బునీళ్ళ బకెట్ పట్టుకుని ప్రతి బెండూ నా కళ్ళతో చూశాకే బండి ఎక్కనిస్తా.