క్లిక్కులు లెక్కపెట్టుకుని ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

కంటిచూపు లేకుండా సొంతంగా ఇన్సులిన్ వేసుకునేవాళ్ల కోసం, వాళ్లకి ఈ వస్తువులు కొనిపెట్టే ఇంట్లోవాళ్ల కోసం రాస్తున్నాను. సిరంజిలోకి ఎన్ని యూనిట్లు ఎక్కాయో క్లిక్కులతో చెప్పే పరికరం ఒకటి కొని దెబ్బతిన్నాను. వివరాల్లో "అన్ని ఇన్సులిన్ సిరంజిలకూ సరిపోతుంది" అని ఉంటే కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, డోసు మానేయమనడం లేదు, ఇవాళ్టి డోసు మాత్రం చూపున్న ఎవరికైనా సిరంజి గీత చూపించుకుని వేసుకోండి. ఎందుకో చెబుతాను.

నాకు చూపు పోయి పదకొండేళ్లయింది. షుగర్ వల్లే పోయింది. అప్పటినుంచీ ఒకే పరికరం వాడాను. సిరంజిని దాని గాడిలో పడుకోబెడితే సీసా మూతి సరిగ్గా ఎదురొస్తుంది, సూది తడుముకోకుండా రబ్బరు మధ్యలో దిగుతుంది. పక్కనున్న చక్రం తిప్పితే క్లిక్కుకి ఒక యూనిట్. పన్నెండు కావాలంటే పన్నెండు క్లిక్కులు, అంతే. నిద్రమత్తులో కూడా ఎప్పుడూ తప్పలేదు. ఈమధ్య దాని స్ప్రింగు విరిగింది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదన్నారు.

కొత్తదాని కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ఒకటి దొరికింది. అంధుల కోసం, అన్ని సిరంజిలకూ, క్లిక్కుకి ఒక యూనిట్. ఈ మూడు మాటలూ విని ఆర్డర్ పెట్టేశాను. అదే సమయంలో నేనెప్పుడూ వాడే అర మిల్లీలీటరు సిరంజిలు అయిపోయాయి. ఒక మిల్లీలీటరువి దొరికితే అవే తెప్పించుకున్నాను. అన్ని సిరంజిలకూ అన్నారు కదా, ఇక అనుమానం ఎందుకు? గాడిలో పెడితే కూర్చుంది. కొంచెం ఊగింది. కొత్త వస్తువు, అలవాటు పడాలిలే అనుకున్నాను. ఆ ఊగిసలాటని అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

నాది పద్నాలుగు యూనిట్ల డోసు. పద్నాలుగు క్లిక్కులు తిప్పి వేసుకున్నాను. రెండు గంటలకి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. మాట్లాడే గ్లూకోమీటర్ 51 అంది. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటారు, 54 కిందకి దిగితే అది ఆటలాడే అంకె కాదు. గ్లూకోజ్ పొడి నోట్లో వేసుకుని కూర్చున్నాను. తిండి తగ్గిందేమో అనుకున్నాను. మర్నాడు ఒక ముద్ద ఎక్కువే తిన్నాను, అయినా 58. మన బుద్ధి ఎలా పనిచేస్తుందో చూడండి: నన్ను నేను అనుమానించుకున్నాను, తిండిని అనుమానించాను, మీటర్ని కూడా అనుమానించాను. పరికరాన్ని మాత్రం అనుమానించలేదు. క్లిక్కులు లెక్కపెట్టింది నేనే కదా, లెక్క తప్పలేదు కదా అని.

మూడో రోజు చెల్లి వచ్చింది. పద్నాలుగు క్లిక్కులు తిప్పి సిరంజి తన చేతికిచ్చాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అక్కా, నువ్వు పద్నాలుగన్నావు. ఇది ఇరవై గీత దాటింది" అంది. ఇంకోసారి తిప్పాను. మళ్లీ ఇరవై దాటింది. సిరంజి మార్చి తిప్పినా అంతే.

అసలు సంగతి ఆ తర్వాత గానీ బుర్రకెక్కలేదు. క్లిక్కు ఇన్సులిన్‌ని కొలవదు. సిరంజి వెనక ఉండే ప్లంజర్ ఎంత దూరం జరిగిందో అదొక్కటే కొలుస్తుంది. సన్న గొట్టంలో వేలెడు పొడవు నీళ్లు, లావు గొట్టంలో వేలెడు పొడవు నీళ్లు ఒకటి కావు కదా. అర మిల్లీ సిరంజి గొట్టం సన్నం, ఒక మిల్లీది లావు. ప్లంజర్ అంతే దూరం వెనక్కి వచ్చినా లావు గొట్టంలోకి ఎక్కువ మందు వచ్చిపడుతుంది. అంటే క్లిక్కుతో నడిచే ఏ పరికరమైనా ఒక్క రకం సిరంజికే నిజం చెబుతుంది. అన్ని సిరంజిలూ దాని గాడిలో పట్టడం వేరు, అన్నిటికీ కొలత సరిపోవడం వేరు. అమ్మేవాళ్లు మొదటిది చూపించి రెండోది అమ్ముతున్నారు. కౌంట్-ఎ-డోస్ అని పేరున్న పాత పరికరం ఉండేది, ఫలానా కంపెనీ అర మిల్లీ సిరంజితోనే వాడాలని దాని వివరాల్లో ముందే చెప్పేవాళ్లు. ఇదేం సిరంజి గొడవ అని అప్పట్లో విసుక్కునేదాన్ని. ఆ షరతే మనకి రక్ష అని ఇప్పుడు తెలిసింది.

నన్ను ఎక్కువ మండించింది ఇంకొకటుంది. పెట్టెలో వాడకం కాగితం ఉంది, చెల్లి ఫోన్లో పెద్దది చేసుకుని చదివింది. అడుగున సన్న అక్షరాల్లో "100 బలం, అర మిల్లీ సిరంజికి మాత్రమే" అని ఉంది! (100 బలం అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లున్న మందు.) బయట అన్నిటికీ అని, లోపల ఒక్కదానికే అని. అమ్మకం పేజీలో ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టారట. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని "చిత్రం" అని చదివి ముందుకి వెళ్లిపోయింది. కళ్లులేనివాళ్ల కోసమని చెప్పి అమ్ముతూ, ప్రాణం మీదకి తెచ్చే ఒకే ఒక్క వాక్యాన్ని ఫోటోలో దాచిపెట్టారు. వెనక్కి తీసుకోమంటే, వాడిన వైద్య వస్తువు తీసుకోం అన్నారు. "చూపున్న వాళ్లతో ఒకసారి సరిచూసుకోవాల్సిందండీ" అని సలహా కూడా ఇచ్చారు. పూటపూటా సరిచూసేవాళ్లు పక్కనుంటే ఆ పరికరం నాకెందుకు?

సిరంజి లావు ఒక ప్రమాదమైతే మందు బలం ఇంకోటి. ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు ఉండేవి ఉన్నాయి, కొన్నిచోట్ల 40 యూనిట్లవి ఇంకా నడుస్తున్నాయి. సిరంజిలూ రెండు రకాలు. సాధారణంగా 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. రంగుతో తేడా చెప్పే ఏర్పాటు మనకెందుకు పనికొస్తుంది? 100 బలం మందుని 40 సిరంజిలో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది పది కాదు, ఇరవై అయిదు. తిరగేసి, 100కి చేసిన క్లిక్కు పరికరానికి 40 బలం సీసా తగిలించి పది క్లిక్కులు తిప్పితే నాలుగు యూనిట్లే వస్తాయి. ఒకచోట షుగర్ పాతాళానికి, ఇంకోచోట ఆకాశానికి. కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ దాని మీది అంకె ఎవరితోనైనా పైకి చదివించుకోండి. "ఎప్పుడూ తెచ్చేదేగా" అన్న మాట మీద ఊరుకోకండి.

ఈ గొడవంతా ఎందుకు, మందు లోపలే ఉండి డయల్ తిప్పి డోసు పెట్టుకునే ఇన్సులిన్ పెన్ను కొనేస్తే పోలా అంటారు చాలామంది. నేనూ ఇప్పుడు పెన్నుకే మారాను. కానీ క్లిక్కు సంగతి అక్కడా తీరలేదు. చాలా పెన్నుల్లో క్లిక్కుకి ఒక యూనిట్, నిజమే. నోవోపెన్ ఎకోలో అర యూనిట్. ట్రెసీబా ఫ్లెక్స్‌టచ్ 100 బలం పెన్నులో ఒకటి, అదే మందు 200 బలం పెన్నులో రెండు. టూజియో సోలోస్టార్‌లో ఒకటి, టూజియో మ్యాక్స్ సోలోస్టార్‌లో రెండు. హ్యూములిన్ ఆర్ 500 బలం క్విక్‌పెన్‌లో ఏకంగా అయిదు. బలం పెరిగితే క్లిక్కు కూడా పెరుగుతుందనుకుంటే అదీ పొరపాటే. హ్యూమలాగ్ 200 క్విక్‌పెన్‌లో క్లిక్కుకి ఒకటే. పేరులో ఒక్క ముక్క మారిన పెన్ను చేతికొచ్చి, పాత అలవాటున ఇరవై క్లిక్కులు తిప్పితే నలభై యూనిట్లు వెళ్లిపోవచ్చు. చేతిలో పట్టుకుంటే రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కాబట్టి మందు పేరు, బలం, క్లిక్కు విలువ, మూడూ అడగాలి. డాక్టరు మందు మార్చిన రోజైతే తప్పకుండా అడగాలి.

ఇంకో విషయం కూడా తెలిసుండాలి. ఈ పెన్నుల కాగితాల్లో, చూపు లేనివాళ్లు తర్ఫీదు ఉన్న మనిషి సాయం లేకుండా వాడకూడదని రాస్తారు. క్లిక్కులు లెక్కపెట్టి డోసు పెట్టుకోవద్దని కూడా చాలావాటిలో ఉంటుంది. మొదట చదివినప్పుడు కంపెనీ తన మీదకి రాకుండా రాసుకున్న మాట అనిపించింది. సగం అంతే. మిగతా సగంలో నిజముంది. డయల్ వెనక్కి తిప్పినా చాలా పెన్నులు క్లిక్కుమంటాయి. ఫోన్ మోగి లెక్క తప్పి, ఒకటి వెనక్కి ఒకటి ముందుకి తిప్పామంటే ఇక ఎక్కడున్నామో దేవుడికే తెలియాలి. నా పద్ధతి ఒకటే. అనుమానం వచ్చిందా, సున్నా తగిలేదాకా వెనక్కి తిప్పేసి మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాను. ఇది డయాబెటిస్ నర్సు దగ్గర కూర్చుని, పదిసార్లు ఆవిడ చూస్తుండగా చేసి, ఆవిడ సరేనన్నాక మొదలుపెట్టినది. నేను రాశానని ఎవరూ రేపటినుంచి చేసేయకండి.

వేళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. షుగర్ కళ్లనే కాదు, వేళ్ల కొసల స్పర్శనీ తినేస్తుంది. క్లిక్కు చేతికి తెలుస్తుందని పెట్టె మీద రాస్తారు, మన వేలికి తెలుస్తుందో లేదో వాళ్లకేం తెలుసు? కొనేముందు కళ్లున్నవాళ్లకి కాదు, మీ చేతికే ఇవ్వమనండి. ఫ్యాను తిరుగుతుండగా, టీవీ మోగుతుండగా తిప్పి చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినపడేవన్నీ ఇంట్లో వినపడవు. ఇక భూతద్దం తగిలించిన సిరంజి హోల్డర్లు కూడా అంధులకి అంటూ అమ్ముతున్నారు. కొంచెం చూపు మిగిలినవాళ్లకి అవి మంచివే. ఏమీ కనపడని మనకి అద్దం ఎంత పెద్దదైతే ఏం లాభం?

సీసాతో వేసుకునేవాళ్లకి గాలి బెడద ఎప్పుడూ ఉంటుంది. కొలత నూటికి నూరుపాళ్లు సరైన పరికరం కూడా సిరంజిలోకి వచ్చింది మందో గాలో చెప్పదు. సీసా ఖాళీ అయినా క్లిక్కులు అలాగే పలుకుతాయి, ప్లంజర్ అలాగే జరుగుతుంది. గాలి బుడగ వల్ల చర్మం కింద జరిగే హాని ఏమీ లేదు, కానీ అది మందు చోటు ఆక్రమిస్తుంది. పెన్నుకి మారకముందు నేను డోసుకి సరిపడా గాలి సీసాలోకి ఎక్కించి, సీసా తలకిందులుగా పట్టుకుని, అయిదారు యూనిట్లు లాగి తిరిగి సీసాలోకే తోసేసేదాన్ని. ఇలా మూడు నాలుగుసార్లు చేశాకే అసలు డోసు లాగేదాన్ని. 100 బలం పది మిల్లీ సీసాలో వెయ్యి యూనిట్లుంటాయి. తొమ్మిదివందలు వాడగానే ఆ సీసా పక్కన పెట్టేసేదాన్ని. వంద యూనిట్లు వృథానే, తెలుసు. గాలి పొడుచుకుని రాత్రంతా షుగర్ ఎక్కడంకన్నా నయం. పెన్నులో ఈ బాధ తక్కువ. మూడు మిల్లీల 100 బలం పెన్నులో మూడువందల యూనిట్లు, చివర్లో మిగిలినదానికంటే ఎక్కువ తిప్పబోతే చాలావాటిలో డయల్ ఆగిపోతుంది. ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు వదిలి చూడమంటారు కదా, నేను అది మణికట్టు మీద వదులుతాను. చల్లటి చుక్క, ఆస్పత్రి వాసన. ఇన్సులిన్ పాడవకుండా కలిపే మందు వాసన అది, ఒకసారి పసిగడితే మర్చిపోలేరు. వాసన రాలేదంటే సూది మూసుకుపోయిందనో, సరిగ్గా ఎక్కలేదనో అర్థం.

కొత్త పరికరం ఏది కొన్నా, దానితో మందు తీసేముందు నీళ్లతో పరీక్షించండి. పాత ఖాళీ సీసా కడిగి నీళ్లు నింపి, దానికి దారం కట్టి మందు సీసాలకి దూరంగా పెట్టండి. ఆ నీళ్లు ఒంట్లోకి వెళ్లకూడదు. మీరు వాడబోయే సిరంజితోనే చిన్న డోసు, మీ మామూలు డోసు, పెద్ద డోసు ఒక్కోటి పదేసిసార్లు తీయండి. చూపున్న మనిషి గీత చదివి చెప్పాలి. "సరిగ్గానే ఉంది" అంటే చాలదు, అంకె చెప్పమనండి. నా కొత్తదానిలో మొదటి క్లిక్కు ఒక్కోసారి ఖాళీగా పోయేదని ఈ పరీక్షలోనే బయటపడింది. అంటే ఒక రోజు ఇరవై ఒకటి, ఇంకో రోజు ఇరవై. అర మిల్లీ సిరంజి దొరికాక దాంతో చూస్తే పద్నాలుగుకి ఒకసారి పద్నాలుగు, ఒకసారి పదమూడు వచ్చాయి. సరైన సిరంజితో కూడా నమ్మదగ్గది కాదని అప్పుడు వదిలేశాను.

అమ్మేవాళ్లని అడగాల్సింది రాసి ఇవ్వమని అడగండి: ఏ కంపెనీ సిరంజి, ఎన్ని మిల్లీలది, ఏ బలం మందు, క్లిక్కుకి ఎంత. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. పెన్నులు, సూది పరికరాలు చూపు లేనివాళ్లకి ఎలా అందుబాటులో ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 11608-7, 2016లో వచ్చింది. దాని ప్రకారం పరీక్షించారా అని అడిగాను. అటువైపు నిశ్శబ్దం. తర్వాత "అదేంటండీ?" అన్నారు.

నా డ్రాయర్లో ఇప్పుడు రెండు పెన్నులున్నాయి. రాత్రి వేసుకునేదానికి రెండు రబ్బరు బ్యాండ్లు, అన్నం ముందు వేసుకునేదానికి ఏమీ లేదు. విరిగిన పాత పరికరం కూడా అక్కడే ఉంది. దానికి స్ప్రింగు వేయగలిగేవాళ్లు దొరికితే మళ్లీ నీళ్లతో పరీక్ష పెట్టి దానికే వెళ్లిపోతాను.