నోట్స్ కోసం ట్యాబ్ కొంటున్నరా? ముందు పెన్ను చూడండి

నోట్స్ రాసుకోవడానికి ఏ ట్యాబ్ తీసుకోవాలక్కా అని మా హాస్టల్‌ల రెండ్రోజులకొకరు అడుగుతున్నరు, ఒక్కొక్కరికి ఇంత ఇంత చెప్పుడు కంటే ఒకేసారి వివరంగ రాస్తే నయం అనిపించింది. నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌ల ఉండి గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్న, తెలుగు మీడియం. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్9 ఎఫ్ఈ 2024 మొదట్ల తీసుకున్న, అప్పట్నుంచి రోజుకు నాలుగైదు గంటలు దీని మీదనే నా రాత. దానికంటే ముందు ఒక ట్యాబ్ కొని నష్టపోయిన. ఆ సంగతే ముందు చెప్తా, ఎందుకంటే నన్ను అడిగేటోళ్లల్ల సగం మంది అట్లాంటిదే కార్ట్‌ల పెట్టుకొని అడుగుతున్నరు.

అప్పుడు నా దగ్గర పదమూడు వేలు ఉండె. ఆన్‌లైన్‌ల ఒక ట్యాబ్, దానితోపాటు వేరే కంపెనీ స్టైలస్ (స్క్రీన్ మీద రాసే పెన్ను) ఒకటి కొన్న, అన్ని ట్యాబ్‌లకీ పనిచేస్తది అని డబ్బా మీద రాసున్నది. పేర్లు రాయను, అట్లాంటివి లెక్కలేనన్ని ఉన్నయ్ మార్కెట్ల. మొదటి రోజు ఇంగ్లీష్‌ల నాలుగు లైన్లు రాసి చూసిన, బానే ఉందనుకున్న. తెల్లారి పాలిటీ క్లాసుల తెలుగుల రెండు గంటలు రాసి రూముకొచ్చి చదువుదామంటే నా రాత నాకే అర్థం కాలే. అధికరణ అని రాస్తే ధ కింద గీత పడలే, అదికరణ అయి కూసుంది. పథకం ల థ కడుపుల చుక్క లేదు, పధకం. ఫెడరల్ కాస్తా పెడరల్. తలకట్లు సగం ఎగిరిపోయినయ్. అరచెయ్యి ఆనిన చోటల్లా అడ్డదిడ్డంగ గీతలు. ఇంగ్లీష్‌కి ఈ బాధ అంతగ తెల్వదు, t అక్షరానికి అడ్డగీత పడకపోయినా పదం అర్థమైతది, మన దగ్గర చిన్న చుక్క, చిన్న గీత పోతే అక్షరమే మారిపోతది కదా.

ఇది ఎందుకైతదో తర్వాత తెలుసుకున్న, మీరు కూడా తెలుసుకోండి, కొనేటప్పుడు మస్తు పనికొస్తది. మామూలు టచ్ స్క్రీన్ వేలు కోసం చేసింది. చీప్ స్టైలస్ వేలు లెక్క నటిస్తది, అంతే. స్క్రీన్‌కి అది పెన్నో వేలో అరచెయ్యో తెల్వదు, అందుకే చెయ్యి ఆనితే గీతలు పడతయ్, చటుక్కున పెట్టి తీసిన చుక్కని తెలియకుండ తగిలిందేమో అని వదిలేస్తది. శాంసంగ్ ఎస్ పెన్ పద్ధతి వేరు. స్క్రీన్ కింద ఇంకో పొర ఉంటది, అందులోంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే పెన్ను లోపలి కాయిల్‌కి కరెంట్ అందుతది, అందుకే దాంట్ల బ్యాటరీ లేదు, రాయడానికి ఛార్జింగ్ పెట్టే పని లేదు. పెన్ను అద్దానికి తగలకముందే, కొంచెం పైన ఉన్నప్పుడే, పెన్ను వస్తుందని ట్యాబ్‌కి తెలిసిపోతది, చెయ్యిని పట్టించుకోవుడు మానేస్తది. యాపిల్ పెన్సిల్‌ల బ్యాటరీ ఉంటది, అది వేరే రకం, గాని అది కూడా ఐప్యాడ్‌తో నేరుగ మాట్లాడుకునే పెన్నే. మీరు ఏది కొన్నా సరే, ఆ ట్యాబ్ కోసం ఆ కంపెనీ చేసిన పెన్ను ఉందా లేదా, అది మొదటి ప్రశ్న. ర్యామ్, ప్రాసెసర్, కెమెరా అన్నీ దాని తర్వాతే.

రెండోసారి మాత్రం ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టలే. షాపుకు పోయి డెమో పీస్ అడిగి నిలబడి రాసిన. ఏం రాసిన అంటే, స్వాతంత్ర్యం, రాష్ట్రం, అర్థశాస్త్రం, పథకం, అధికరణ, ఫలితం. షాపుల అన్న ముందు ఆశ్చర్యంగ చూసిండు, అందరొచ్చి బొమ్మ గీస్తరు లేదంటే సంతకం పెడ్తరంట. రాష్ట్రం ల ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు, ఇవన్నీ మనం నోట్‌బుక్‌ల రాసే సైజుల, రాసే స్పీడ్‌ల రాస్తే పడాలె. ఎస్9 ఎఫ్ఈ మీద అన్నీ పడ్డయ్. అరచెయ్యి పూర్తిగ ఆనించి మళ్లీ రాసిన, ఒక్క పిచ్చిగీత రాలే. థ ల చుక్క మాత్రం పదిసార్లు పెట్టి చూసిన, పదికి పది పడ్డయ్, ఆ చుక్క చూసి నాకు ప్రాణం లేచొచ్చింది నిజంగ. అప్పుడే డిసైడ్ అయిపోయిన.

ఈ ట్యాబ్ 2023 అక్టోబర్‌ల వచ్చింది, వైఫై మోడల్ మొదలు ధర 36,999 ఉండె, నాకు కార్డ్ ఆఫర్ పోను 33 వేలు పడ్డది. 10.9 ఇంచుల స్క్రీన్, 90 హెర్ట్జ్, 8000 ఎంఏహెచ్ బ్యాటరీ, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, మెమరీ కార్డ్ కూడా వేసుకోవచ్చు. పెన్ను డబ్బాలనే వస్తది, ఇది చాలా పెద్ద విషయం. ఛార్జర్ మాత్రం రాదు, నేను ఫోన్ ఛార్జర్‌తోనే నడిపిస్తున్న. ట్యాబ్‌కీ పెన్నుకీ రెండిటికీ ఐపీ68 ఉంది, అంటే నీళ్లు, దుమ్ము తట్టుకుంటయ్, లైబ్రరీల టేబుల్ మీద పక్కోళ్ల వాటర్ బాటిల్ ఒరిగినా గుండె ఆగిపోదు. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతే రాత్రి రూముకొచ్చేదాకా ఛార్జింగ్ వెతుక్కోవాల్సిన అవసరం రాలే నాకు.

శాంసంగ్ నోట్స్ యాప్ ఫ్రీ, నాకు ఇదొక్కటే సరిపోతుంది. ఒక పక్క తెలుగు అకాడమీ పుస్తకం పీడీఎఫ్, ఇంకో పక్క నోట్స్, స్క్రీన్ రెండుగ చేసుకొని రాసుకుంటా. క్లాస్ ఆడియో రికార్డ్ చేసుకుంట రాస్తే (సార్‌ని అడిగి పెట్టుకోండి) తర్వాత ప్లే చేసినప్పుడు ఏ మాట దగ్గర ఏం రాసిన్నో దాంతోపాటే కనపడుతది. ఎకానమీ క్లాసుల స్పీడుగ చెప్పుకుంట పోతే నాలుగు ముక్కలే రాసి, రాత్రి ఆ జాగల మళ్లీ విని పూర్తి చేసుకుంటా, దీనివల్ల ఎన్ని క్లాసులు దక్కినయో నాకు.

తెలుగుల రాసేటోళ్లు ఒక పని తప్పకుండ చేయండి. యాప్‌ల వచ్చే గీతల పేజీలు ఇంగ్లీష్ రాతకు సరిపోయేటట్టు దగ్గర దగ్గరగ ఉంటయ్, మన వత్తులు కింది లైన్ గుడి మీదికెక్కుతయ్, పేజీ మొత్తం ముద్ద ముద్దగ కనపడుతది. నేను గీతకి గీతకి మధ్య సెంటీమీటర్ పైన ఉండేటట్టు ఒక ఖాళీ పేజీ పీడీఎఫ్ చేసుకొని దాన్నే టెంప్లేట్‌గ వేసుకున్న. ఆ ఒక్క మార్పుతోని నా నోట్స్ చదవబుద్ధి అయ్యేటట్టు అయింది. ఇంకోటి, వెతుక్కునుడు సంగతి. చేతిరాతల వెతకడం మీద నేను ఆధారపడను, ప్రతి టాపిక్ మొదట్ల హెడ్డింగ్ మాత్రం టైప్ చేస్తా. జీబోర్డ్‌ల తెలుగు చేతిరాత కీబోర్డ్ ఉంది, వేలుతోనో పెన్నుతోనో రాస్తే అదే అక్షరాలుగ మార్చిస్తది, టైపింగ్ రానోళ్లకు కూడా పని అయిపోతది. కోచింగ్ మెటీరియల్ పీడీఎఫ్‌లు చాలావరకు ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్ల చేసినవి ఉంటయ్, అవి తెలుగు అక్షరాలని కంప్యూటర్‌కి తెల్వదు, వాటిల తెలుగు పదం టైప్ చేసి వెతికితే దొరకదు, కాపీ చేస్తే ఏవో పిచ్చి అక్షరాలొస్తయ్, అది ట్యాబ్ తప్పు కాదు. అట్లాంటి వాటికి బుక్‌మార్కులు పెట్టుకునుడే మార్గం.

నచ్చనిది కూడా చెప్పాలె. ఈ స్క్రీన్ పొడుగ్గ ఉంటది. నిలువుగ పట్టుకుంటే వెడల్పు 15 సెంటీమీటర్ల లోపే, ఏ4 కాగితమేమో 21. అంటే పుస్తకం పేజీ అంతా చూపించాలంటే అక్షరాలు బాగ చిన్నగైతయ్, పైనా కిందా జాగ ఖాళీగ మిగులుతది. ఈ విషయంల ఐప్యాడ్ మంచిగుంటది, అదే 10.9 ఇంచుల ఐప్యాడ్ దాదాపు ఏ4 ఆకారంలనే ఉంటది, పీడీఎఫ్ పేజీ నిండుగ కనపడుతది. సినిమా చూడటానికి శాంసంగ్ ఆకారం బాగుంటదేమో గాని చదవడానికి ఐప్యాడ్ ఆకారమే కరెక్ట్. కళ్లు బాగ లాగుతయ్ అనుకునేటోళ్లు, డబ్బులుంటే, 12.4 ఇంచుల ఎస్9 ఎఫ్ఈ ప్లస్ చూడండి, రోజూ బస్సుల మోసుకొని తిరిగేటోళ్లకు మాత్రం అది బరువు.

ఐప్యాడ్ సంగతికొస్తే, మా పెద్దమ్మ కూతురు ఎండీ చదువుతుంది, ఆమెది ఐప్యాడ్ ఎయిర్. డ్యూటీల మధ్యల గుడ్‌నోట్స్ యాప్‌ల ఆమె రాసుకునే నోట్స్ చూస్తే ముచ్చటేస్తది. రాత మాత్రం చాలా సాఫీగ ఉంది, అది ఒప్పుకోవాలె. గాని పెన్సిల్ వేరేగ కొనాలె, ఏ ఐప్యాడ్‌కి ఏ పెన్సిల్ అన్నది చూసుకోవాలె. యూఎస్‌బీ సీ పెన్సిల్ 2023ల వచ్చింది, అప్పుడు 7,900 ఉండె, దాంట్ల ఒత్తి రాస్తే లావు, తేలిగ్గ రాస్తే సన్నం అనేది లేదు. బొమ్మలేసేటోళ్లకు అది లోటు, నోట్స్‌కి ఏం కాదు, నా లెక్కల అదే చాలు. పదో తరం ఐప్యాడ్‌కి మొదటి తరం పెన్సిల్ వాడాలంటే మధ్యల ఒక అడాప్టర్ కూడా కావాలె, సెకండ్ హ్యాండ్‌ల తీసుకునేటోళ్లు అది ఉందో లేదో అడగండి. ఏ16 ఐప్యాడ్ 2025ల వచ్చినప్పుడు 34,900 ఉండె, 128 జీబీతోని మొదలైతది, దానికి పెన్సిల్ కలిపితే 42 వేలు దాటేది. మెమరీ కార్డ్ జాగ లేదు. అంత పెట్టగలిగితే, ఎక్కువ పని పీడీఎఫ్ చదువుడే అయితే, సందేహం లేకుండ అదే తీసుకోమంట. నాకు ఆ పైన పడే దాదాపు పది వేలు అంటే హాస్టల్ ఫీజు.

తక్కువల కావాలంటే గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్. 2020ల మొదట వచ్చింది, మళ్లీ 2022ల, 2024ల కొత్త ప్రాసెసర్‌తోని తెచ్చిండ్రు. 10.4 ఇంచులు, పెన్ను డబ్బాలనే, అదే బ్యాటరీ లేని రకం. 4 జీబీ ర్యామే కాబట్టి వెయ్యి పేజీల పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి పరుగెత్తిద్దామంటే కష్టం, ఒక్క పనే పెట్టుకుంటే చాలు. కొనేముందు మోడల్ సంవత్సరం చూడండి, పేరు ఒకటే కాబట్టి పాతది అంటగట్టే అవకాశం ఉంది. అదే శాంసంగ్‌ల ఏ9 ప్లస్ అని ఒకటుంది, ధర చూసి చాలామంది దానికి పోతరు, దాంట్ల ఎస్ పెన్ పనిచేయదు. క్లాసులు వినడానికి మంచిదే, రాయడానికి కాదు. షావోమీ ప్యాడ్, వన్‌ప్లస్ ప్యాడ్‌లకు కూడా వాళ్ల వాళ్ల సొంత పెన్నులున్నయ్, వేరేగ కొనాలె, వాటికి ఛార్జింగ్ పెట్టాలె, షాపుల నేను చేసినట్టు అక్షరం పరీక్ష చేసే తీసుకోండి. ఈ-ఇంక్ (కాగితం లెక్క కనపడే స్క్రీన్) వాటి జోలికి నేను పోలేదు, ఆరొందల పేజీల పుస్తకంల ముందుకీ వెనక్కీ గబగబా తిప్పుకునే మన చదువుకు ఆ నెమ్మది సరిపోదు.

కొన్నాక రెండు ఖర్చులు. పేపర్ లాంటి మ్యాట్ స్క్రీన్ గార్డ్ వేస్తే పెన్ను జారదు, తెలుగు గుండ్రటి అక్షరాలకు ఆ పట్టు చాలా హాయి, కాకపోతే స్క్రీన్ కొంచెం మసగ్గ అయితది, పెన్ను మొన తొందరగ అరుగుతది. నేను మొనలు మార్చుకుంట వాడుతున్న, నాకైతే అదే ఇష్టం. ఇంకోటి, ప్రతి ఆదివారం నోట్స్ మొత్తం పీడీఎఫ్ చేసి గూగుల్ డ్రైవ్‌ల వేసుకుంటా. ఆ మొదటి ట్యాబ్ ఒకరోజు పొద్దున ఆన్ కాలే, రెండు నెలల తెలంగాణ చరిత్ర నోట్స్ పోయింది, ఆరోజు మెస్‌ల అన్నం ముందు కూసొని ఏడ్చిన. దయచేసి ఈ ఒక్కటి అశ్రద్ధ చేయకండి.

మెయిన్స్ రాసేటోళ్లకు ఇంకో మాట, జవాబుల ప్రాక్టీస్ మాత్రం ట్యాబ్ మీద వద్దు. క్వాలిఫైయింగ్ ఇంగ్లీష్ పోను ఆరు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మూడు గంటలు, అంతా కాగితం మీద పెన్నుతోనే. ట్యాబ్ మీద తప్పు రాస్తే వెనక్కి తీసుకోవచ్చు, పేరా ఎత్తి కింద పెట్టుకోవచ్చు, ఆ అలవాటు పడితే పరీక్షల చెయ్యి ఆగిపోతది. నాకు నాలుగు నెలలు ఇట్ల రాసినంక టెస్ట్ సిరీస్‌ల రెండున్నర గంటలకే వేళ్లు పట్టేసినయ్. ఇప్పుడు నోట్స్ ట్యాబ్‌ల, జవాబులు తెల్లకాగితాల మీద, రోజుకు రెండు తప్పకుండ.

మొన్న ఆదివారం సూర్యాపేట నుంచి వచ్చిన తమ్ముడొకడు నాతోని షాపుకొచ్చిండు, వాళ్ల నాయిన వడ్లు అమ్మి పంపిన డబ్బులు, చెయ్యి వణుకుతుంది వానికి. రాష్ట్రం, పథకం, అధికరణ మూడు ట్యాబ్‌ల మీద రాయించిన. ఒకదాంట్ల చుక్క పడలే, వాడే పక్కన పెట్టేసిండు. ఎస్6 లైట్ 2024 మోడల్ తీసుకొని బిల్ చేయించుకొని బయటికొచ్చినంక, అక్కా ఆ పెద్ద గీతల పేజీ పంపవా అన్నడు, ఆటోల కూసునేలోపే పంపించిన.