చెవిలో మిషిని: మూడు ఇయర్‌ఫోన్లు, మూడేళ్ల నల్లగొండ బస్సు

బస్సు నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతుంటే పక్క సీటు పెద్దాయన నా చెవి వైపు వేలు చూపించి, "చెవులు ఇనరావా బిడ్డా? మిషిని పెట్టుకున్నవ్?" అని అడిగాడు. మూడు గొడుగుల రబ్బరు టిప్పు చెవిలో లోపలిదాకా దిగి, బయటకు సన్నటి గొట్టం మాత్రమే కనిపిస్తుంటే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. "పాటలు ఇంటున్న తాతా" అన్నాను. "పాటలకు గంత లోపలికెందుకు?" అన్నాడు. చౌటుప్పల్ వచ్చేదాకా చెప్పినా ఆయనకు నా జవాబు నచ్చలేదు. ఇప్పుడు కాస్త తీరిగ్గా చెప్తాను.

నేనుండేది నల్లగొండలో, ఉద్యోగం ఎల్బీనగర్ వైపు. వారానికి నాలుగు రోజులు పొద్దున రెండు గంటలకు పైగా, సాయంత్రం అంతే. ఏసీ లేని ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన ఇంజిన్ మోత, గాలి హోరు, హారన్లు. ఇల్లు చేరాక రాత్రి పదిన్నర తర్వాత దొరికే నిశ్శబ్దం గంట, గంటన్నర. ఈ రెండు చోట్లా మూడేళ్లుగా మూడు ఇన్-ఇయర్ సెట్లు వాడాను: మూన్‌డ్రాప్ చూ, ఎటిమోటిక్ ఈఆర్4ఎస్ఆర్, సెన్‌హైజర్ ఐఈ 600. మొదటిది రెండు వేల లోపు. రెండోది పాతికవేల చుట్టూ పడింది. మూడోదానికి పెట్టిన డబ్బు మా ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. అది 2022లో అమెరికాలో విడుదలైనప్పుడు ధర 700 డాలర్లు అన్నది మాత్రం అందరికీ తెలిసిందే కాబట్టి మీరే లెక్క వేసుకోండి.

ముందు ఆ తాత మాట సంగతి. ఆయన అన్నది తప్పేం కాదు. ఆ రోజు నా చెవిలో ఉన్న ఈఆర్4 లోపల ఉండేది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం. అయస్కాంతాల మధ్య చిన్న లోహపు నాలుక కదులుతుంది, ఆ కదలిక సన్నటి పుల్ల ద్వారా పల్చటి రేకుకు చేరుతుంది, రేకు గాలిని కదిలిస్తుంది. ఇది మొదట్నుంచీ వినికిడి యంత్రాల్లో వాడుతున్న సామానే. ఎటిమోటిక్‌ను పెట్టిన మీడ్ కిలియన్ వినికిడి పరిశోధన నుంచి వచ్చిన మనిషి. మొదటి ఈఆర్4 వచ్చింది 1991లో. నా దగ్గరున్న ఎస్ఆర్ 2016 నాటి రూపం. ఇక సెన్‌హైజర్ ఇయర్‌ఫోన్ల వ్యాపారం 2022లో స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవా చేతికి వెళ్లింది. ఆ కంపెనీ ప్రధాన వ్యాపారం కూడా వినికిడి యంత్రాలే. అంటే పెద్దాయన చూపు నేను అనుకున్నదానికంటే సూటిగానే ఉంది.

బస్సులో శబ్దం నాణ్యత అంటే ముందు బయటి మోత ఎంత తగ్గిందన్నదే. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. చూ పెట్టుకుని వెళ్లిన రోజుల్లో పంతంగి టోల్ దాటేసరికి వాల్యూమ్ తెలియకుండానే పైకి పోయేది. ఎల్బీనగర్‌లో దిగాక చెవుల్లో కాసేపు గుయ్‌మనేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం సగటున 80 డెసిబెల్స్ దాటకూడదు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. నా ప్రయాణమే వారానికి పదహారు గంటలకు పైన. గుయ్‌మనడం మొదలయ్యాకే నాకు ఈ లెక్క మీద శ్రద్ధ పుట్టింది.

ఈఆర్4ఎస్ఆర్ బయటి శబ్దాన్ని 35 నుంచి 42 డెసిబెల్స్ దాకా ఆపుతుందని కంపెనీ చెప్తుంది. నా దగ్గర కొలిచే పరికరం లేదు గానీ, కండక్టర్ భుజం తట్టేదాకా టికెట్ అడిగిన సంగతే తెలియలేదు, అదీ పాట మొదలుపెట్టకముందే. ఇది బ్యాటరీ, చిప్పులతో చేసే నాయిస్ క్యాన్సిలింగ్ కాదు, సీసాకు బిరడా బిగించినట్టు చెవిని మూయడం. అయితే ఆ బిరడా పెట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. టిప్పును కొద్దిగా తడిచేసి, ఎదుటి చేత్తో తల మీదుగా చెవిని పైకి లాగి పట్టుకుని, మెల్లగా తోయాలి. మొదటి రోజుల్లో చెవి దురద, నొప్పి, తీసేటప్పుడు లోపల గాలి లాగినట్టు భయం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వాళ్లను తప్పు పట్టను.

ఇంకో చిక్కు. చెవి అంత బిగుతుగా మూసుకుంటే మన ఒంట్లోని చప్పుళ్లు కూడా లోపలే తిరుగుతాయి. చిట్యాలలో కొన్న పల్లీలు నోట్లో వేసుకుంటే రోట్లో దంచుతున్నట్టు ఉంటుంది. నడిస్తే ప్రతి అడుగూ తలలో మోగుతుంది. వైరు చొక్కాకు రాసుకుంటే గరగరమంటుంది. దాంతోపాటు ఇచ్చే చిన్న క్లిప్పును గుండీ దగ్గర పెట్టి, వైరును చెవి పైనుంచి తిప్పుకుంటే ఆ గరగర చాలావరకు పోతుంది. ఐఈ 600 వైరు మొదట్నుంచీ చెవి పైనుంచి తిప్పుకునేదే కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. కానీ అది చెవిలో అంత లోతుకు పోదు, ఇంజిన్ మోతను అంతగా ఆపదు. ఇంత ఖరీదైన సెట్టు నా బస్సులో రెండో స్థానానికి పోవడానికి కారణం ఇదే.

రాత్రి ఇంట్లో కథ మారుతుంది. ఐఈ 600లో ఒక్కో వైపు ఒకే ఒక్క 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్, అంటే మామూలు స్పీకర్‌ను గింజంత చేసినట్టు. బయటి డొప్ప జిర్కోనియం కలిసిన ఒక ప్రత్యేక లోహంతో త్రీడీ ప్రింటింగ్‌లో చేసింది, పట్టుకుంటే సన్నటి గరుకు తగులుతుంది. డప్పు రికార్డింగ్ పెట్టినప్పుడు దీని గొప్ప తెలుస్తుంది. సిర్రా, చిటికెనపుల్లా పడిన దెబ్బలు దేనికది విడిగా వినిపిస్తాయి. పెద్ద దెబ్బ తర్వాత చర్మం ఊగే గాలి కూడా గొంతు కింద తగిలినట్టు ఉంటుంది. అదే పాట ఈఆర్4ఎస్ఆర్‌లో వింటే పుల్ల తగిలిన చప్పుడు మరింత స్పష్టంగా ఉంటుంది గానీ డప్పు మంటకు కాగకముందు మోగినట్టు, కడుపులోకి దిగదు. మృదంగంలో కూడా అంతే, కుడివైపు నాదం ఈఆర్4లో బాగుంటుంది, ఎడమ తొప్పి మోత ఐఈ 600లో. వీణకు, వయొలిన్‌కు, ఒంటరి గొంతుకు నేను ఈఆర్4నే పెట్టుకుంటాను. ఐఈ 600లో గొంతు ఒక అడుగు వెనక నిలబడి పాడినట్టు, తాళాల చప్పుడు కాస్త ముందుకొచ్చినట్టు నాకనిపిస్తుంది. ఇది నా చెవి మాట, మీ చెవి వేరేగా చెప్పొచ్చు.

వీటన్నిటికీ నేను పెట్టే పరీక్ష పాట సినిమాది కాదు. నాలుగేళ్ల కింద సద్దుల బతుకమ్మ రోజు మా వాడకట్టులో ఫోన్‌తో తీసిన రికార్డింగ్. ముప్పై మంది దాకా ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అంటూ తిరుగుతుంటారు, మధ్యలో ఎవరిదో స్కూటర్ పోతుంది. చూలో అది ఒక గుంపు పాట. చప్పట్లు, ఉయ్యాలో, అంతే. ఈఆర్4ఎస్ఆర్‌లో మొదటిసారి విన్నప్పుడు ఎడమవైపు ఒక గొంతు పదం చివర కొంచెం ఆగి అందుకోవడం వినిపించింది. మా అమ్మ. అన్నాళ్లుగా నా ఫోన్‌లోనే ఉంది, వినలేదు. అదే రికార్డింగ్ ఐఈ 600లో పెడితే గొంతుల చుట్టూ ఉన్న ఖాళీ, స్కూటర్ ఎటు నుంచి ఎటు పోయిందో బాగా తెలుస్తుంది, అమ్మను వెతుక్కోవడానికి మాత్రం కొంచెం టైం పడుతుంది. అమ్మ చెవిలో పెట్టి వినిపించాను. "నా గొంతు గింత కీసుగుంటదారా?" అని తీసి చేతిలో పెట్టింది. ఖరీదైన ఇయర్‌ఫోన్ చెడ్డ రికార్డింగ్‌ను బాగుచేయదు, దాని లోపాలన్నీ కూడా చూపిస్తుంది. యూట్యూబ్ నుంచి అరకొరగా దించుకున్న పాత పాటలు ఐఈ 600లో వినడం ఒక్కోసారి శిక్షే.

మరి రెండు వేలకూ అరవై వేలకూ తేడా ముప్పై రెట్లు ఉందా? లేదు, దగ్గరకు కూడా రాదు. చూలో ఉన్నది 10 మిల్లీమీటర్ల ఒకే డ్రైవర్, వైరు ఊడి రాదు, తెగితే పారేయడమే. అయినా దాని స్వరం తూకం బాగుంటుంది. గదిలో నిశ్శబ్దంగా కూర్చుని వింటే కొత్తవాళ్లకు మొదటి అయిదు నిమిషాల్లో మిగతా రెండింటితో తేడా పెద్దగా దొరకదు. మా బావమరిది కళ్లు మూసుకుని మూడూ విని చూనే మెచ్చుకున్నాడు, నేను మొహం మార్చుకున్నాను. చూ నుంచి ఈఆర్4కు వెళ్తే నాకు దక్కింది నిశ్శబ్దం, గొంతుల స్పష్టత. ఆ తేడా నా బస్సు జీవితానికి పెట్టిన డబ్బుకు సరిపోయింది. ఈఆర్4 నుంచి ఐఈ 600కు పెట్టిన అదనపు డబ్బు మాత్రం సరదా ఖర్చు. పశ్చాత్తాపం లేదు గానీ, ఎవరైనా అప్పు చేసి కొంటానంటే చేయి పట్టుకుని ఆపుతాను.

కొనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది, అది ధర కంటే ముఖ్యం. టిప్పు సరిగా కూర్చోకపోతే ముందు పోయేది బాస్, అంటే కింది స్థాయి మోత. ఐఈ 600 కొన్న మొదటి వారం దాన్ని తిట్టుకున్నాను, పల్చగా ఉందని. నా కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి పెద్ద సైజు కావాలని తెలిశాక అదే సెట్టు వేరే మనిషైంది. ఫోన్‌లో 40, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్, అంటే బాగా కింది స్థాయి మోత, పెట్టి వినండి. రెండు వైపులా ఒకే బలంతో గుమ్‌మంటే సరిగా కూర్చున్నట్టు. ఫోమ్ టిప్పులైతే నలిపి పెట్టి అర నిమిషం ఆగాలి. అవి హాయిగా ఉంటాయి, కానీ మన ఎండలకు చెమట పీల్చి రెండు మూడు నెలల్లో ఉబ్బిపోతాయి, మళ్లీ కొనాలి.

ఎండల సంగతి ఎటూ వచ్చింది కదా. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో బస్సెక్కితే చెవిలో కూడా చెమట పడుతుంది. ఈ మూడింటి కంటే ముందు నా దగ్గర ఇంకో ఖరీదైన సెట్టు ఉండేది, పేరు అక్కర్లేదు. దాని వైరు ఊడి వచ్చే చోట పచ్చగా చిలుము పట్టి, కుడివైపు కరకరలాడి, ఒక మే నెలలో చచ్చిపోయింది. సర్వీస్ వాళ్లు రెండు నెలలు తిప్పి, చెమట వారంటీలోకి రాదన్నారు. అప్పట్నుంచి దిగగానే పొడి గుడ్డతో తుడిచి, మందు డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసిన స్టీలు డబ్బాలో పెడుతున్నాను. ఆ తర్వాత కరకర రాలేదు. వైరును ఊరికే ఊడదీసి పెట్టడం కూడా మానేశాను.

ఈఆర్4 వాడాలంటే గులిమి గురించి సిగ్గుపడకూడదు. దాని గొట్టం చివర చిన్న ఫిల్టర్ ఉంటుంది. లోతుకు పోతుంది కాబట్టి గులిమి అక్కడికే చేరుతుంది. ఒక వైపు శబ్దం తగ్గినా, మసకగా వినిపించినా ముందు ఆ ఫిల్టర్ చూడాలి. డబ్బాలో అదనపు ఫిల్టర్లు, తీసే పనిముట్టు ఇస్తారు, మార్చడం రెండు నిమిషాల పని. ఏడెనిమిది నెలలకొకసారి మారుస్తున్నాను, ఆ లెక్క నా చెవులది. టిప్పులు వారానికోసారి తీసి గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే తొడుగుతాను.

ఫోన్ విషయం ఒక్క మాట. నా ఫోన్‌కు ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చే 3.5 జాక్ లేదు, ఛార్జింగ్ రంధ్రానికి తగిలించే టైప్-సీ డాంగిల్ పెట్టి వింటాను. ఐఈ 600 కరెంటుకు చూపే అడ్డు 18 ఓంలే, ఏ చిన్న డాంగిల్‌కైనా చాలినంత మోగుతుంది. ఈఆర్4ఎస్ఆర్ 45 ఓంలు, శబ్దం కూడా కొంచెం మెల్లగా పలుకుతుంది కాబట్టి కాస్త బలమున్న డాంగిల్ అవసరం. వేలకు వేలు పోసి శబ్దం పెంచే పెద్ద ఆంప్ కొనాల్సిన పని మాత్రం ఈ రెండింటికీ లేదు.

ఇప్పుడు ఐఈ 600 ఇంట్లో మంచం పక్క సొరుగులో ఉంటుంది. చూను బావమరిది అడిగి పట్టుకుపోయాడు. బ్యాగులో రోజూ తిరిగేది ఈఆర్4, రెండు జతల అదనపు టిప్పులతో. ఆ టిప్పులు నల్లగొండలో దొరకవు, ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఒక్కోసారి స్టాకు లేక నెల పడుతుంది. అందుకే నాకు తెలిసి ఈ సెట్టుతో ఉన్న అసలు ఖర్చు అదే, కొనే రోజే కలిపి లెక్క వేసుకోండి.