గుద్ది వచ్చేశాక ఏది మేలు: స్టేషనా, ముందస్తు బెయిలా, డ్రైవర్ మార్పిడా?

వరంగల్‌లో ములుగు రోడ్డు మీదనో హంటర్ రోడ్డులోనో బండి మనిషికి తగిలింది. జనం ఉరికొస్తుంటే డ్రైవరు భయపడి ఆపకుండా వచ్చేశాడు. గంట తిరక్కముందే సలహాలు మొదలవుతాయి. బామ్మర్ది "పొద్దుగాల్నే స్టేషన్‌కు పోదాం బావా" అంటాడు. తెలిసిన గుమస్తా "యాంటిసిపేటరీ (ముందస్తు బెయిలు) వేద్దాం, అప్పటిదాంక ఊర్లుండకు" అంటాడు. ఓనరుదేమో ఇంకో మాట: "లైసెన్సున్న పిలగాన్ని పంపుత, నువ్వు గప్‌చుప్‌గుండు." హనుమకొండ అదాలత్ దగ్గర టీ తాగేవాళ్ళకు ఈ మూడూ కొత్త మాటలేం కావు. నా ఓటు బామ్మర్దికే.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడ్డవాళ్ళకు వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. జనం మీదపడి కొట్టే పరిస్థితి ఉంటే ఆ బాధ్యతకు అదే సెక్షన్ సడలింపు ఇస్తుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా తర్వాతి వాక్యం వదిలేస్తారు: అక్కడ పోలీసు లేకపోతే దగ్గర్లోని స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎట్లా చూసినా 24 గంటల్లోపు చెప్పాలి. అంటే ఆగకపోవడానికి కారణం చూపొచ్చు గానీ, చెప్పకపోవడానికి జనం కోపం సాకు కాదు. "కొడతారని భయపడ్డాను" అన్న మాట స్టేషన్ రికార్డులో ఆ రోజే ఎక్కితే కోర్టులో బలం. వారం తర్వాత దొరికినోడు అదే మాట చెబితే ఎవరు నమ్ముతారు?

బీమా కంపెనీకీ తెలపాలి. ఇవేవీ చేయకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనిషి చనిపోతే అసలు కేసు భారతీయ న్యాయ సంహిత 106(1): ఐదేళ్ళ దాకా శిక్ష. పాత ఐపీసీ 304ఎలో ఇది రెండేళ్ళే. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్న "పదేళ్ళు, ఏడు లక్షలు" సంగతి వేరు. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ళన్న మాట 106(2)లో ఉంది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు బండ్లు ఆపి, బంకుల ముందు జనం బారులు కట్టింది దాని మీదే. ఆ జులై 1న కొత్త చట్టాలు వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను అమలు చేయకుండా ఆపారు. ఏడు లక్షలన్నది చట్టంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు గుమస్తా సలహా. న్యాయ సంహితలో 106(1) గానీ, గాయాలకు పెట్టే 125 గానీ, ర్యాష్ డ్రైవింగ్ 281 గానీ, అన్నీ బెయిలబుల్. జమానతుదారులను చూపిస్తే స్టేషన్లోనే బెయిలు ఇవ్వాలి, అది హక్కు. ముందస్తు బెయిలు ఉన్నది నాన్‌బెయిలబుల్ కేసులకు. అక్కర్లేని పిటిషన్‌కు ఫీజు కట్టి, తీర్పు కోసం చుట్టాలింట్లో దాక్కుంటే ఆ 24 గంటలూ కరిగిపోతాయి. ఆ పిటిషన్ నిజంగా పనికొచ్చేది తాగి నడిపినప్పుడు, లేదా పోలీసులు 105 (హత్యగా లెక్కకు రాని నరహత్య) పెట్టే సూచన ఉన్నప్పుడు. అప్పుడు వకీలు లేకుండా అడుగు వేయొద్దు. 1999 నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో గుద్దిన కారును ఓ ఇంటికి తీసుకెళ్ళి కడిగారు. 2012లో సుప్రీంకోర్టు ఆ ప్రమాదాన్ని నిర్లక్ష్యపు మరణంగా కాక, హత్యగా లెక్కకు రాని నరహత్యగానే తేల్చింది. బండి కడగొద్దు, మెకానిక్ దగ్గరికి పంపొద్దు.

డ్రైవర్ మార్పిడి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, అది తెలివితక్కువ పని. కోమళ్ళ టోల్‌గేటు కెమెరా, ఫాస్టాగ్ టైము, ఎవరి ఫోన్ ఏ టవర్ కింద ఉందన్న లెక్క, ఇన్ని ఉన్నాయి. ఎవరు నడిపారో ఓనరు చెప్పి తీరాలని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్. అబద్ధం చెబితే నేరస్థుణ్ణి కాపాడిన కేసు కొత్తగా ఓనరు మీద, పాపం ఆ పిలగాడి మీద. పైగా బీమా కంపెనీ దీన్ని పట్టుకుంటే నష్టపరిహారం ఓనరు నెత్తిన పడొచ్చు.

స్టేషన్‌కు పోవడమంటే చేతులు జోడించి నిలబడటం కాదు. బయటపడగానే 108కీ, 112కీ ఫోన్ చేయాలి. ఆ కాల్ టైమే తర్వాత సాక్ష్యం. వకీలును వెంటబెట్టుకుని ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్, పర్మిట్ తీసుకుని పోవాలి. కాగితం మీద ఇంతే: "ఫలానా రోజు రాత్రి ఇన్ని గంటలకు, ఫలానా చోట, ఈ నంబరు బండికి ఒక మనిషి తగిలాడు. జనం రాళ్ళతో వస్తుండగా ప్రాణభయంతో ఆగలేదు, 112కు ఫోన్ చేశాను." ఆ రాళ్ళు నిజంగా ఉంటేనే రాయాలి. "నిద్రమబ్బుల తోలిన, నాదే తప్పు" అని మాత్రం రాయకూడదు. పోలీసుకిచ్చిన నేరాంగీకారం కోర్టులో ఎట్లాగూ చెల్లదు, పైగా తన మీద తానే సాక్ష్యం చెప్పే పని రాజ్యాంగం 20(3) అధికరణం ఎవరి మీదా పెట్టలేదు. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, టైము వేయించుకోవాలి. ఏడేళ్ళ లోపు కేసుల్లో వెంటనే అరెస్టు కాక విచారణకు రమ్మనే 35(3) నోటీసు ఇచ్చి పంపే అవకాశమే ఎక్కువ.

దీనికి ఒక ఖరీదుంది, దాచను. "నడిపింది ఎవరో రుజువు చేయండి" అనే వాదన చేజారుతుంది. కానీ నిర్లక్ష్యాన్ని ప్రాసిక్యూషనే నిరూపించాలి. "స్పీడుగా వచ్చాడు" అన్నంత మాత్రాన నిర్లక్ష్యం తేలదని 1998లో కర్ణాటక వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంవీఐ (వాహన తనిఖీ అధికారి) రిపోర్టు, ప్రమాద స్థలం స్కెచ్, చీకటి, అడ్డంగా దాటిన మనిషి, ఇవన్నీ వాదించుకోవచ్చు. అందుకే "ఒప్పుకుని జరిమానా కట్టేయ్" అన్న మాటకు లైసెన్సు మీద బతికేవాడు తొందరపడి తలూపొద్దు. గాయాల కేసైతే లోక్ అదాలత్‌లో రాజీకి దారుంది. మరణమైతే రాజీ కుదరదు.

ఎంజీఎం ఆసుపత్రిలో శవం ముందు కూర్చున్న కుటుంబానికి కూడా దీంతో తేడా పడుతుంది. బండి ఎవరిదో తెలియకపోతే వాళ్ళకు చేరేది హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలే. నంబరు తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పూర్తి పరిహారం అడగొచ్చు. కాగితాలు సరిగ్గా ఉంటే అది కట్టేది బీమా కంపెనీ, డ్రైవరు జేబు కాదు.