లీక్‌కెనరీ: మూడేళ్లు వాడాక
మాది పర్లాకిమిడి. జీడిపిక్కలు కొనే షావుకార్ల కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ రాశాను, కాటా మీద బస్తా పెడితే బ్లూటూత్‌లో బరువు ఫోన్లోకి వచ్చేస్తుంది. పొద్దున్న బాగానే నడిచేది. మధ్యాహ్నానికి నత్తనడక, సాయంత్రానికి దానంతటదే మూసుకుపోయేది. "బాబూ, కాటా మీద బస్తా ఉండగానే పోతోంది, రైతు నా మొహం చూస్తున్నాడు" అని పాతపట్నం షావుకారు ఫోన్ చేస్తే చాలా బాధేసింది.

అప్పుడు పెట్టాను లీక్‌కెనరీ, అంటే పని అయిపోయినా మెమరీలోంచి పోని వస్తువుల్ని (మెమరీ లీకుల్ని) పట్టిచ్చే ఆండ్రాయిడ్ టూల్. యాప్‌ని తయారుచేసే గ్రేడిల్ ఫైల్లో ఒక్క లైను, అదీ నేను పరీక్షించుకునే డీబగ్ బిల్డ్‌కే. మూసేసిన స్క్రీన్ 5 సెకన్ల తర్వాతా మెమరీలోనే ఉంటే గుర్తుపెట్టుకుంటుంది, యాప్ తెరిచి ఉండగా అలాంటివి 5 పోగైతే హీప్ డంప్ (యాప్ మెమరీకి నకలు) తీసి, ఆ స్క్రీన్‌ని ఎవరు పట్టుకున్నారో గొలుసులా చూపిస్తుంది. నాకు వచ్చిన గొలుసులో పైన 'టైమర్-41' అనే థ్రెడ్ (యాప్‌లో పక్కన విడిగా నడిచే పని), దాని క్యూ, క్యూలో టైమర్‌టాస్క్ (టైమర్ నడిపే పని), ఆ టాస్క్‌లో దిస్$0 (తనని పుట్టించిన స్క్రీన్‌కి కనపడని లంకె), అట్టడుగున నా బరువు స్క్రీన్. బస్తాకో స్క్రీన్ తెరుస్తున్నాను, తెరిచినప్పుడల్లా సెకనుకోసారి కాటాని అడిగే కొత్త టైమర్ పెడుతున్నాను, క్యాన్సిల్ మాత్రం ఎక్కడా రాయలేదు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను మొదట టాస్క్‌లో స్క్రీన్‌ని వీక్‌రిఫరెన్స్‌గా (స్క్రీన్ పోవడానికి అడ్డురాని వదులు లంకెగా) మార్చాను. లీక్‌కెనరీ నోరెత్తలేదు, సరే అయిపోయిందనుకుని అప్‌డేట్ పంపాను. వారానికే మళ్లీ అదే ఫోన్. ఎందుకంటే ప్రతి టైమర్‌కీ సొంత థ్రెడ్ ఉంటుంది, మళ్లీ మళ్లీ నడిచే టాస్క్ కాబట్టి క్యాన్సిల్ చేసేదాకా అది చావదు. స్క్రీన్లు పోయాయి, థ్రెడ్లు మిగిలాయి. లీక్‌కెనరీ చూసేది పోవాల్సిన వస్తువు పోయిందా లేదా అనే, థ్రెడ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో, థ్రెడ్ల జాబితా చూపే పీఎస్ మైనస్ టీ కొట్టి చూస్తే టైమర్ పేర్లతో తెర నిండిపోయింది.

టైమర్‌ని ఆన్‌స్టార్ట్‌లో (స్క్రీన్ కనపడగానే) మొదలుపెట్టి ఆన్‌స్టాప్‌లో (కనపడకుండా పోగానే) క్యాన్సిల్ చేశాక కుదుటపడింది. బ్లూటూత్ చదివే థ్రెడ్‌దీ ఇదే రోగం. రీడ్ దగ్గర ఆగిపోయిన థ్రెడ్ ఇంటరప్ట్‌కి (ఆపమనే సూచనకి) లొంగదు, సాకెట్ (కాటాతో కనెక్షన్) మూస్తేనే బయటికొస్తుంది.

డంప్ తీసేటప్పుడు 2 జీబీ ఫోన్ కాసేపు బిగుసుకుపోతుంది, దానికి ఓపిక పట్టాలి. నాకైతే ఇది లేకుండా పని లేదు. ఇప్పుడు ప్రతి రిలీజ్‌కీ ముందు బరువు స్క్రీన్‌ని 20 సార్లు తెరిచి మూసి, లీక్‌కెనరీ చూసి, ఆ తర్వాత థ్రెడ్లు కూడా చేత్తో లెక్కపెట్టాకే షావుకార్లకి పంపిస్తున్నాను.