తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్: సార్‌కి 5కి 4.5, ఆఫీసుకి 2

రెండు నెలలు సాయంత్రం బ్యాచ్‌కి వెళ్ళాను. సార్ మీద నాకు ఏ కోపమూ లేదు కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు.

ముందు బాగున్నది చెబుతా. సార్ గ్రామర్ పుస్తకం తెరవరు, ఒక్క మాట పట్టుకున్నారంటే గంటసేపు దాని మీదే. నాకు బాగా గుర్తుండిపోయింది 'మిల్క్'. అంటే పాలు అని ఒకటో తరగతిలోనే నేర్చుకున్నాం, కానీ అది క్రియ కూడా అని, ఆవును మిల్క్ చేసినట్టే మనిషినీ కంపెనీనీ చివరికి ఒక సందర్భాన్నీ మిల్క్ చేయొచ్చని, ఈ అర్థం ఇంగ్లిష్‌లో 16వ శతాబ్దం నుంచీ ఉందని ఆ రోజే తెలిసింది. మాది పలమనేరు వైపు పల్లె, ఇంట్లో రెండు జెర్సీ ఆవులు.

సార్ నన్నే అడిగారు, "పాలు పిండేటప్పుడు ఆవును కొడతారా?" అని. కొడితే చేపదు కదా సార్, పాలు దిగనివ్వదు, అన్నాను. "అదే తేడా. బలవంతంగా లాగితే స్క్వీజ్. అవతలివాడు కదలకుండా నిలబడి ఉండగా మెల్లగా, మళ్ళీ మళ్ళీ తీసుకుంటే మిల్క్." డిక్షనరీలో ఇంత గట్టిగా గీత గీసి ఉండదేమో గానీ, గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

మనం 'వాడి దగ్గర డబ్బులు పిండారు' అంటాం, పిండేది డబ్బుని. ఇంగ్లిష్‌లో 'దే మిల్క్డ్ హిమ్' అన్నా చాలు, మనిషే ఆవు. డబ్బు మాట తేవాలంటే 'మిల్క్డ్ మనీ ఫ్రమ్ హిమ్', చుక్క కూడా మిగల్చకపోతే 'మిల్క్డ్ హిమ్ డ్రై'. చప్పట్లు ఆగిపోకూడదని స్టేజీ దిగకుండా దణ్ణాలు పెడుతూనే ఉండే నటుణ్ణి చూసి 'మిల్కింగ్ ద అప్లాజ్' అంటారు, అందులో మోసం లేదు, కాస్త ఎగతాళి ఉంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి సినిమా చూసొచ్చి 'ద మూవీ మిల్క్డ్ మై హార్ట్' అంది, గుండె పిండేసిందని. అందరం నవ్వాం, సార్ నవ్వలేదు. బట్టలు పిండినా, నిమ్మకాయ పిండినా, గుండె పిండినా మనకు ఒకటే మాట, వాళ్ళకు వేరువేరు అని చెప్పి, బట్టలకూ గుండెకూ సరిపోయే 'రింగ్' బోర్డు మీద రాశారు, ముందు డబ్ల్యూ ఉంటుంది, పలకదు.

ఇక ఆఫీసు. చేరేటప్పుడు ఫీజు ఒక్కటే అన్నారు. రెండో వారం మెటీరియల్‌కి, నెల తిరిగాక టెస్టుకి, ఆఖర్న సర్టిఫికెట్‌కి. ఏదీ పెద్ద మొత్తం కాదు, అందుకే ఎవరమూ గట్టిగా అడగలేదు. కౌంటర్ దగ్గర నా వెనక నిలబడ్డ కుర్రాడు పక్కవాడితో "బాగా చేపుతున్నాం కదరా" అన్నాడు.

చేరాలనుకుంటే మొత్తం ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆరు గంటల బ్యాచ్ తీసుకోండి, ఏడున్నర బ్యాచ్‌లో జనం ఎక్కువ, మాట్లాడే వంతు రాదు. గదికి ఫ్యాన్లు రెండే, కాస్త ముందెళ్ళి కిటికీ పక్కన కూర్చోండి.