తొమ్మిదేళ్ళుగా కడుతున్న పాత వెంకటగిరి చీర

2016లో మా నెల్లూరు మూలాపేట వీధిలోకి "పాత జరీ చీరలు కొంటాం" అని అరుచుకుంటూ ఒకాయన వచ్చాడు. వీళ్ళకు చీరతో పని లేదు. అంచు కత్తిరించి, కాల్చి, జరీలోని వెండి తీసుకుంటారు. ఆయన మూటలో పైనే ఒక తెల్ల వెంకటగిరి కనిపించింది. వేలెడు జరీ అంచు, ఒంటినిండా చిన్న బుటాలు. 1,800కు బేరం కుదిరింది. మా పెద్దమ్మ తల కొట్టుకుంది: "ఏమ్మే, అందరూ పాతవి ఇచ్చి డబ్బులు తీసుకుంటుంటే, నువ్వు డబ్బులిచ్చి ఎవరో కట్టి విడిచింది తెచ్చుకుంటావా?"

ఆ చీర ఇప్పటికీ ఏడాదికి ఆరేడు సార్లు కడతాను. అది 100 కౌంటు నూలని, అంటే చాలా సన్నని దారమని తర్వాత ఒక నేతాయన వేళ్ళతో తడిమి చెప్పాడు. మే నెల ఎండలో నా కొత్త చీరల్లో ఒక్కటీ దీనికి సాటి రాదు. జిల్లాలు విడగొట్టాక వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకు అది ఇంకా నెల్లూరు చీరే.

ఆ ధైర్యంతో ఇంకోటి కొన్నాను. జానెడు అంచు, కొంగంతా జరీ. జరీ గీకి చూశాను, నకిలీ జరీలో బయటపడే రాగి ఎరుపు కనిపించలేదు. లోపల పట్టు దారం, పైన వెండి తీగ. మురిసిపోయి 3,500 పెట్టాను. మొదటిసారి కట్టుకొని పెళ్ళిలో కూర్చోగానే అంచు పక్కన బర్రున చిరిగింది. జరీ నిక్షేపంగా ఉంది, చచ్చింది గుడ్డ. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద బీరువాలో ఉంటే మడత దగ్గర నూలు చివికిపోతుంది, పైగా అంత బరువు అంచు లాగుతుంది. రఫ్ఫు చేసే ఆయన్ని అడిగితే, "ఈ గుడ్డ సూదిని కూడా ఓర్చుకోదమ్మా" అన్నాడు. అందుకని జరీ తర్వాత చూసుకోండి. ముందు చీర వెలుతురుకు అడ్డం పట్టి, మడతల దగ్గర, అంచు పక్కన రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడండి. విప్పి చూపించనంటే వదిలేయండి.

ఉతకడానికి చల్లనీళ్ళు, పలచని కుంకుడు రసం చాలు. పిండొద్దు, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో మంచం మీద పరచండి. తడి చీరను తీగ మీద వేస్తే దాని బరువుకే సాగుతుంది. గంజి పెడితే కట్టే ముందే పెట్టాలి. గంజితో దాచిపెడితే పురుగును పిలిచినట్టే. నేను పాత పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మారుస్తాను. కలరా ఉండలు తగిలినచోట నా చీర జరీ నల్లబడింది, మళ్ళీ పెట్టలేదు. ఆ నలుపును నిమ్మకాయతో రుద్దమని సలహాలిస్తారు, నేనైతే అలాగే వదిలేశాను.

ఫాల్ విషయంలోనూ దెబ్బతిన్నాను. కొత్త ఫాల్ మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి అంచంతా ముడతలు పడింది. నానబెట్టి ఆరబెట్టిన ఫాలే, చేత్తో వదులుగా కుట్టించండి. పాత చీరకు రవిక గుడ్డ రాదు, అది విడిగా వెతుక్కోవడమే.

మొన్న వెంకటగిరి కట్టుకొని గేటు దగ్గర నిలబడితే ఇంకో మూటాయన అంచు చూసి ఎంతకిస్తారని అడిగాడు. వెండి ధర అంత పెరిగింది మరి. ఇది ఇవ్వనని, చిరిగినదాన్ని తెచ్చిచ్చాను. నేను కొన్నదానికంటే ఎక్కువే చేతిలో పెట్టాడు.